కాలువ ఎటు తిరగాలో ఎవరు నిర్ణయిస్తారు?

(బీచుపల్లిలో జరిగిన గిరిజన యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇప్పటిదాకా పాటలు విన్నాం, ఆటలు చూశాం. నాకు అప్పజెప్పిన విషయం కాస్త పొడిగా ఉంటుంది. ప్రభుత్వం ఖర్చు పెట్టే డబ్బు ఒక ప్రాంతానికి ఎక్కువ, ఇంకో ప్రాంతానికి తక్కువ ఎందుకు పోతుంది, అందులో రాజకీయం పని ఎంత అన్నది మాట్లాడమన్నారు. సాంస్కృతిక సభలో బడ్జెట్ ముచ్చట ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. తీజ్ పండుగకు తొమ్మిది రోజులు మొలకలకు నీళ్లు పోయాల్సిన ఆడపిల్లలు అమ్మానాన్నల వెంట పుణెలోనో, ముంబైలోనో ఇటుకలు మోస్తుంటే తండాలో పాట ఎవరు పాడతారు? వలస ఆగితేనే పండుగ నిలుస్తుంది. ఊళ్లో పని, నీళ్లు, బడి, తొవ్వ ఉంటేనే వలస ఆగుతుంది. ఇవన్నీ ప్రభుత్వ పెట్టుబడులే. అందుకే ఈ ముచ్చట మనది.

మనం కూచున్న జాగా చూడండి. ఇటు జోగుళాంబ గద్వాల జిల్లా, వంతెన దాటితే వనపర్తి జిల్లా, కృష్ణ వెంట కిందికి పోతే కొల్లాపూర్, సోమశిల, నాగర్‌కర్నూల్ జిల్లా. పైన జూరాల, కింద శ్రీశైలం జలాశయం. తుంగభద్ర వచ్చి అలంపూర్ దాపుల్లోనే కృష్ణలో కలుస్తుంది. ఇన్ని నీళ్లున్న చోట పుట్టిన మనకు వచ్చిన పేరు మాత్రం పాలమూరు కూలీ. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా గుంపు మేస్త్రీ వెంట పోయి మట్టి మోసింది మనవాళ్లు. ఇంకొకరి పొలానికి కాలువ తవ్విన చేతులకు సొంత చేను దగ్గర కాలువ ఎందుకు లేకుండా పోయింది?

వాన తక్కువ, నేల ఎత్తు, నది లోతు అని ఒక జవాబు చెబుతారు. అందులో నిజం ఉంది కానీ అది సగమే. నీళ్లు పల్లానికి పారుతాయి. ప్రభుత్వ డబ్బుకు అట్లాంటి సహజ గుణం ఏదీ లేదు. మనుషులు గీసిన గీతల వెంట అది పారుతుంది. రాష్ట్రం సరిహద్దు ఒక గీత. నియోజకవర్గం హద్దు ఒక గీత. షెడ్యూల్డ్ ప్రాంతం హద్దు ఒక గీత. ఇంత జనాభా ఉంటేనే రోడ్డు అన్న నిబంధన కూడా ఒక గీతే. వీటిని గీసింది రాజకీయం, మార్చేదీ రాజకీయమే. మన జిల్లా మీద, మన తండాల మీద ఈ గీతలు ఎట్లా పడ్డాయో ఒక్కొక్కటిగా చూద్దాం.

రాష్ట్రం హద్దు తెచ్చిన నష్టం

1956కు ముందు మనది హైదరాబాద్ రాష్ట్రం. రాయచూరు, గుల్బర్గా, మహబూబ్‌నగర్ ఒకే రాష్ట్రంలో ఉండేవి. ఎగువన కృష్ణ మీద, భీమ మీద, తుంగభద్ర మీద ఆనకట్టలు కట్టి, ఎత్తు నుంచి పల్లానికి వచ్చే కాలువలతో పాలమూరు దాకా నీళ్లు తేవాలన్న ఆలోచనలు అప్పట్లో ఉన్నాయి. కరెంటు మోటర్లతో పని లేకుండా దానంతట అదే పారే నీరు అది. 1956 నవంబరు 1న రాష్ట్రాలు మళ్లీ ఏర్పడ్డాయి. రాయచూరు, గుల్బర్గా అటు మైసూరులోకి, మనం ఇటు ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాం. ఆనకట్ట కట్టాల్సిన చోటు ఒక రాష్ట్రంలో, నీళ్లు పారాల్సిన చేను ఇంకో రాష్ట్రంలో పడ్డాయి. ఇట్లా చేజారిన నీరు సుమారు 174 టీఎంసీలని తెలంగాణ ఇంజనీర్లు లెక్క కట్టారు.

ఇది మన బాధతో మనం చెప్పుకునే మాట మాత్రమే కాదు. కృష్ణా జలాల పంపకానికి 1969లో వేసిన బచావత్ ట్రిబ్యునల్ కూడా దీన్ని గుర్తించింది. హైదరాబాద్ రాష్ట్రం చీలకపోయి ఉంటే మహబూబ్‌నగర్ జిల్లాకు సాగునీటి సదుపాయం దక్కే అవకాశం మెరుగ్గా ఉండేదని, రాష్ట్రాల పునర్విభజన కారణంగా ఈ ప్రాంతం ఆ మేలు కోల్పోకూడదని ట్రిబ్యునల్ చెప్పింది. ఆ కారణంతోనే జూరాలకు 17.84 టీఎంసీలు కేటాయించింది. తీర్పు 1973లో, తుది నివేదిక 1976లో వచ్చాయి. జూరాలకు శంకుస్థాపన 1981లో, ప్రారంభం 1995లో జరిగాయి.

ఈ పద్నాలుగేళ్లను నాగార్జునసాగర్‌తో పోల్చండి. సాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబరు 10న. ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టులో. అంత పెద్ద రాతి కట్టడం పూర్తిగా లేవకముందే, పన్నెండేళ్లలోపే కాలువల్లో నీళ్లు పారాయి. లక్ష ఎకరాల పైచిలుకు ఆయకట్టున్న చిన్న జూరాలకు మాత్రం పద్నాలుగేళ్లు పట్టింది. సాగర్ వెనుక బలమైన ప్రాంతాలు, గట్టిగా అడిగే రైతాంగం, పట్టుబట్టే నాయకులు ఉన్నారు. జూరాల వెనుక అంత బలం లేదు.

తుంగభద్ర మీది రాజోలిబండ ముచ్చట మీ తాతలను అడగండి. ఆనకట్ట కర్ణాటకలో, ఆయకట్టు ఎక్కువ భాగం మన అలంపూర్, గద్వాల వైపు. మనకు 15.9 టీఎంసీల వాటా, 87,500 ఎకరాల ఆయకట్టు కాగితం మీద ఉన్నాయి. చివరి ఊళ్లకు ఆ లెక్క ప్రకారం నీళ్లు వచ్చిన ఏడాదిని వేళ్ల మీద లెక్కపెట్టుకోవాలి. తూము దగ్గర ఎవరి చెయ్యి ఉంటే నీళ్లు వారివి. కాగితం మీది వాటా చేను దాకా రావాలంటే దాని వెంట పడే మనుషులు ఉండాలని ఆర్డీఎస్ మనకు నేర్పింది.

మునిగింది ఒక చోట, పారింది ఇంకో చోట

శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో శంకుస్థాపన జరిగింది. జలాశయం నిండేసరికి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్లు నీళ్లలో కలిశాయి. కృష్ణ ఒడ్డున ఉన్న మంచి నల్లరేగడి పోయింది. మొదట అది కరెంటు కోసం కట్టిన ప్రాజెక్టు. తరువాత అందులోంచి కాలువలు బయలుదేరాయి. మద్రాసుకు తాగునీరు, రాయలసీమకు సాగునీరు అన్న ఉద్దేశంతో పోతిరెడ్డిపాడు తూము వచ్చింది. 11,150 క్యూసెక్కులుగా ఉన్న దాని సామర్థ్యాన్ని 44,000 క్యూసెక్కులకు పెంచాలని 2005లో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. అదే జలాశయం ఎడమ ఒడ్డున ఊళ్లు మునిగిన మనకు ఎత్తిపోతలు మిగిలాయి. మోటరు తిరిగితేనే నీళ్లు, కరెంటు బిల్లు కడితేనే మోటరు.

ఒక మాట జాగ్రత్తగా వినండి. రాయలసీమ కూడా కరువు నేలే. అనంతపురంలోనూ మనలాంటి సుగాలీ తండాలున్నాయి, వాళ్ల పిల్లలూ వలస పోయినవాళ్లే. వాళ్ల మీద కోపం పెంచుకోవడానికి నేను ఈ ముచ్చట చెప్పడం లేదు. వాళ్ల నాయకులు ఏ పార్టీలో ఉన్నా ఆ కాలువ గురించి ఒకే మాట మాట్లాడారు. మన జిల్లా సభ్యులు కూడా అదే శాసనసభలో కూచున్నారు. అదే జలయజ్ఞం కాలంలో మన కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా, కోయిల్‌సాగర్ ఎత్తిపోతలకూ డబ్బు వచ్చింది, కానీ పనులు ఏళ్లకేళ్లు సాగాయి. చాలా ఊళ్ల చెరువులకు నీళ్లు చేరింది 2014 తరువాతే. పంపకం న్యాయం కోసమే జరగదు, అడిగే గొంతుల బలాన్ని బట్టి కూడా జరుగుతుందని దీనివల్ల తెలుస్తుంది.

ఎన్నికల పంచాంగం

రాష్ట్రం వచ్చాక మన గోస తీరిందా అంటే కొంత తీరింది, కొంత కొత్త రూపంలో వచ్చింది. పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015 జూన్ 11న భూత్పూర్ దగ్గర కరివెనలో శంకుస్థాపన జరిగింది. పన్నెండు లక్షల ఎకరాల పైచిలుకు ఆయకట్టు అన్నారు. కాళేశ్వరానికి 2016 మే 2న శంకుస్థాపన చేసి 2019 జూన్ 21న ప్రారంభించారు. ముందు మొదలైన పాలమూరు ప్రాజెక్టులో నార్లాపూర్ దగ్గర మొదటి మోటరు తిరిగింది 2023 సెప్టెంబరు 16న. అప్పటికి శాసనసభ ఎన్నికలు రెండున్నర నెలల దూరంలో ఉన్నాయి. ఈ ఆలస్యంలో కోర్టు కేసుల వాటా, పర్యావరణ అనుమతుల వాటా ఉన్నాయి, కాదనను. అయినా ఏ ప్రాజెక్టుకు అప్పు ముందు తేవాలి, ఏ బిల్లు ముందు చెల్లించాలి అన్నది ప్రభుత్వం చేతిలో ఉన్న పనే. వేగంగా కట్టిన చోటంతా మేలు జరిగిందని కూడా అనలేం. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాయి. రాజకీయ తొందర కూడా ప్రజల డబ్బును నీళ్లపాలు చేయగలదు.

ప్రభుత్వం మారింది. 2024 ఫిబ్రవరిలో నారాయణపేట–కొడంగల్ ఎత్తిపోతలకు శంకుస్థాపన జరిగింది. కొడంగల్ ముఖ్యమంత్రి సొంత నియోజకవర్గం. అక్కడి రైతుకు నీళ్లు రావాల్సిందే, ఆ నేల కూడా మన పాలమూరు నేలే. ఆ పథకానికి పదేళ్ల కిందనే ఉత్తర్వు ఉంది, కదలిక మాత్రం ఇప్పుడు వచ్చింది. కుర్చీలో ఎవరున్నారో, వారి ఊరు ఎటు ఉందో అన్నదానికీ ఫైలు కదలికకూ సంబంధం ఉంటుంది. ఇది ఒక పార్టీ గుణం కాదు. అందరి కాలంలోనూ చూశాం.

ఢిల్లీలోనూ ఇదే నడక. పాలమూరు–రంగారెడ్డికి జాతీయ హోదా ఇమ్మని తెలంగాణ ఏళ్లుగా అడుగుతోంది. 2023 కేంద్ర బడ్జెట్‌లో కర్ణాటకలోని అప్పర్ భద్ర ప్రాజెక్టుకు 5,300 కోట్ల సాయం ప్రకటించారు. ఆ మే నెలలో కర్ణాటకలో ఎన్నికలు. అక్కడి కరువు జిల్లాల అవసరం నిజమైనదే. ప్రకటన వచ్చిన కాలం ఏమిటన్నది మీరే ఆలోచించండి.

ఇది ఊహ మాత్రమే కాదని పండితులు లెక్కలు వేసి చూపారు. 1970ల నడుమ నుంచి 1990ల నడుమ దాకా మన దేశంలోని 14 రాష్ట్రాలకు కేంద్రం ఇచ్చిన నిధులను నలుగురు ఆర్థికవేత్తలు పరిశీలించి 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. కేంద్రంలో ఉన్న పార్టీయే రాష్ట్రంలో ఉండి, పైగా అక్కడ గెలుపోటములు అంచు మీద ఉంటే ఆ రాష్ట్రానికి సుమారు 16 శాతం ఎక్కువ నిధులు పోయాయని తేలింది. ఎప్పుడూ ఒకరికే ఓటేసే చోటును ఎట్లాగూ మనదే అనుకుంటారు. ఎన్నడూ వేయని చోటును ఎట్లాగూ మనది కాదు అనుకుంటారు. ఏ పక్కకు ఒరుగుతుందో తెలియని చోటికి సంచి ముందు పోతుంది.

చెదిరి ఉన్న మన లెక్క

ఇప్పుడు మన తండాల దగ్గరికి వద్దాం. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి పాలమూరు జిల్లాలో గిరిజనులు సుమారు 9 శాతం. మూడున్నర లక్షలకు పైగా మనుషులు. తెలంగాణ శాసనసభలో ఎస్టీలకు రిజర్వు చేసిన స్థానాలు 12. ఆసిఫాబాద్, ఖానాపూర్, బోథ్ నుంచి ములుగు, భద్రాచలం దాకా, ఇటు దేవరకొండ దాకా ఉన్నాయి. ఉమ్మడి పాలమూరులోని 14 స్థానాల్లో ఒక్కటి కూడా ఎస్టీ స్థానం కాదు. అచ్చంపేట, అలంపూర్ ఎస్సీ స్థానాలు. మనం లేమని కాదు, ఒక చోట లేము. ప్రతి మండలంలో నాలుగు తండాలు, అడవిలో పది పెంటలు, పట్టణం అంచున ఎరుకల వాడలు. గెలుపును అటూ ఇటూ చేసేంత ఓట్లున్నాయి, మనదంటూ ఒక కుర్చీ లేదు.

కుర్చీ ఉంటే ఏమవుతుందో కూడా లెక్కలున్నాయి. ఎస్టీ రిజర్వు స్థానాలు పెరిగిన రాష్ట్రాల్లో గిరిజన సంక్షేమానికి పెట్టే ఖర్చు పెరిగిందని రోహిణీ పాండే 2003లో చూపారు. అభిజిత్ బెనర్జీ, రోహిణీ సోమనాథన్ 1971 నుంచి 1991 దాకా దేశమంతటా బళ్లు, రోడ్లు, కరెంటు, దవాఖానల పంపకాన్ని చూశారు. దళితులు ఎక్కువగా ఉన్న ప్రాంతాలు మిగతావాటిని కొంత అందుకున్నాయి, గిరిజనులు ఎక్కువగా ఉన్న ప్రాంతాలు మాత్రం అట్లా అందుకోలేకపోయాయి. దళితులు అప్పటికే రాజకీయంగా కూడగట్టుకోవడం మొదలుపెట్టారు. మనం ఇంకా తండాకొకరుగానే ఉన్నాం.

రెండో గీత షెడ్యూల్డ్ ప్రాంతం. మన జిల్లాల్లో అమ్రాబాద్ గుట్టల మీది గ్రామాలే అయిదో షెడ్యూలులో ఉన్నాయి. చెంచుల కోసం ఐటీడీఏ ఉంది. మైదానంలో ఉన్న లంబాడా తండాల్లో ఎక్కువ భాగం ఆ గీతకు బయటే ఉన్నాయి. తెలంగాణలో లంబాడాలను షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేర్చింది 1976 చట్టంతో. మనిషికి గుర్తింపు వచ్చింది, నేలకు రాలేదు. అందుకే పెసా చట్టం ఇచ్చే గ్రామసభ అధికారాలు మైదాన తండాకు వర్తించవు.

మూడో గీత జనాభా. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 డిసెంబరు 25న మొదలైంది. మైదానంలో 500 మంది ఉన్న ఆవాసానికి రోడ్డు, షెడ్యూల్డ్ ప్రాంతంలోనైతే 250 మంది ఉన్నా రోడ్డు అన్నది నిబంధన. ఇప్పుడు ఆలోచించండి. 300 మంది ఉన్న తండా గీతకు లోపల ఉంటే అర్హత ఉంది, గీతకు బయట ఉంటే లేదు. మనుషులు వాళ్లే, వానకాలంలో బురద అదే, కాన్పు నొప్పులు పడుతున్న ఆడబిడ్డను మంచం మీద మోసుకుపోవాల్సిన దూరం కూడా అంతే. చెంచులలాంటి ఆదిమ తెగల కోసం 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ పథకంలో ఈ లెక్కను 100కు తగ్గించారు. అంటే 500 అన్నది దేవుడు రాసింది కాదు. అడిగితే, ఒత్తిడి పెడితే 100 కూడా అవుతుంది.

వచ్చిన డబ్బు చేరిందా?

జనాభాలో మన శాతానికి తగ్గట్టు ప్రణాళిక నిధులు పక్కన పెట్టాలన్న గిరిజన ఉప ప్రణాళిక అయిదో పంచవర్ష ప్రణాళిక కాలంలో, 1974–75లో వచ్చింది. నలభై ఏళ్లు అది కేవలం ప్రభుత్వ ఆదేశంగానే నడిచింది. కేటాయించిన డబ్బు మిగిలిపోయేది, లేదా ఇంకో పనికి మళ్లేది. దళిత, గిరిజన సంఘాలు ఏళ్ల తరబడి కొట్లాడాక 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దానికి చట్టం చేసింది. తెలంగాణ 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం తెచ్చింది. ఒక ఏడాది ఖర్చు కాని డబ్బును మరుసటి ఏడాది కలిపి ఇవ్వాలన్న మాట అందులో ఉంది. చట్టం ఉండటం పెద్ద గెలుపే. కానీ ఊరందరూ వాడే పెద్ద పనిలో కొంత భాగాన్ని మన ఖాతాలో రాస్తే లెక్క నిండుతుంది, తండా నిండదు. అందుకే బడ్జెట్‌లో ఎంత పెట్టారు అని అడిగి ఊరుకోవద్దు. ఏ శాఖ, ఏ తండాలో, ఏ పనికి ఎంత ఖర్చు పెట్టింది అని అడగండి.

తండాలను పంచాయతీలు చేయాలన్నది పాత కోరిక. మా తండాలో మా రాజ్యం అన్న నినాదం మీ నాయనల నోట విని ఉంటారు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో రాష్ట్రంలో వెయ్యికి పైగా తండాలు, గూడేలు పంచాయతీలయ్యాయి. 2019 జనవరిలో మనవాళ్లు సర్పంచులయ్యారు. ఇది మనం మార్చిన గీత. అయితే తలల లెక్కన వచ్చే నిధులు చిన్న పంచాయతీకి ట్రాక్టరు కిస్తులకు, కరెంటు బిల్లుకు సరిపోతే గొప్ప. రాజ్యం వచ్చింది, ఖజానా రాలేదు. ఇక మీదట అడగాల్సింది ఖజానా గురించి.

ఇంకో చేదు ముచ్చట. కొత్త రిజర్వాయర్ల కింద కూడా తండాలు లేచిపోతున్నాయి. వట్టెం, ఉదండాపూర్ వైపు వాళ్లకు ఇది తెలుసు. శ్రీశైలంలో మునిగిన ఊళ్ల పిల్లలు ముసలివాళ్లయ్యారు, వాళ్ల నష్టం మాట ఇంకా అక్కడక్కడా వినిపిస్తూనే ఉంది. 2014లో అమల్లోకి వచ్చిన భూసేకరణ చట్టంలో ఎస్సీ, ఎస్టీ నిర్వాసితులకు ప్రత్యేకమైన సెక్షన్లున్నాయి. సంతకం పెట్టకముందు అవి చదవాలి. పాలమూరుకు నీళ్లు రావాలని అడుగుదాం, ఆ నీళ్ల కింద పోయే తండాకు న్యాయమైన పరిహారం, ఆ కాలువ కిందే భూమి కావాలనీ అడుగుదాం. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం కావు.

మన ఇంటి లోపలి మాట కూడా ఒకటి చెప్పాలి. తాలూకా కేంద్రానికి దగ్గర్లో ఉన్న పెద్ద తండాకు వచ్చినంత సులువుగా అడవిలోని పెంటకు ఏదీ రాదు. లెక్కలో అందరం ఎస్టీలమే, పంపకంలో చెంచు చివర నిలబడుతున్నాడు. బయటివాళ్లు మనకు చేసినదే మనం వాళ్లకు చేస్తే మన న్యాయం మాటకు విలువ ఉండదు. రేపు మనం రాసే వినతిపత్రంలో పెంటల పనులు మొదటి పేజీలో ఉండాలి.

ఇక చేయాల్సిన పని

రాజకీయం పెట్టుబడిని నడిపిస్తుందంటే నిరాశ పడాల్సిన పని లేదు. మనుషులు నడిపేది కాబట్టే మనుషులు మళ్లించగలరు. నల్లమలలో యురేనియం తవ్వకాల మాట వచ్చినప్పుడు చెంచు పెంటల నుంచి పట్టణాల దాకా జనం లేచారు. 2019 సెప్టెంబరులో శాసనసభ ఆ తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఎస్టీ స్థానం ఒక్కటి లేని జిల్లా ఆ పని చేయించింది. వద్దు అనడంలో కలిసినవాళ్లం, కావాలి అనడంలో ఎందుకు కలవలేం?

అందుకు చదువుకున్న మీరు చేయగలిగిన పనులు నాలుగు చెబుతాను.

మొదటిది, ప్రతి తండాకు, ప్రతి పెంటకు ఒక రిజిస్టరు పెట్టండి. ఎన్ని ఇళ్లు, ఎంతమంది, ఎంతమంది వలస పోయారు, బడి ఎంత దూరం, దవాఖాన ఎంత దూరం, తారు రోడ్డు ఎక్కడ ఆగింది, చివరి కాలువ ఎక్కడ ఆగింది. సర్కారు జాబితాలో మీ తండా పేరు విడిగా ఉందా, పక్క ఊళ్లో కలిపేశారా చూడండి. జాబితాలో పేరు లేని తండాకు రోడ్డు ఎవరూ వేయరు.

రెండోది, ప్రత్యేక అభివృద్ధి నిధి లెక్క అడగండి. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలతో అడగొచ్చు. మీ మండలంలో పోయిన ఏడాది ఆ నిధి కింద చేసిన పనులు, వాటి ఖర్చు, మిగిలిన సొమ్ము అని మూడు ప్రశ్నలు రాస్తే చాలు. జవాబు వచ్చాక దాన్ని గ్రామసభలో పైకి చదవండి.

మూడోది, అడవి హద్దు అనగానే వెనక్కి రావద్దు. 2006 అటవీ హక్కుల చట్టంలో సెక్షన్ 3(2) ఉంది. బడి, అంగన్‌వాడీ, తాగునీటి పైపు, రోడ్డు, చిన్న సాగునీటి కాలువలాంటి పదమూడు రకాల పనులకు, ఒక్కో పనికి ఒక హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చు. దానికి గ్రామసభ సిఫారసు కావాలి. తీర్మానం రాయడం మీ చేతిలో ఉంది.

నాలుగోది అన్నిటికన్నా కష్టం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు జిల్లాల తండాలు, పెంటలు కలిసి ఒకే పత్రం తయారు చేయండి. పది కోరికలు వద్దు, మూడు చాలు. ఎన్నికలు వచ్చినప్పుడు ప్రతి పార్టీ అభ్యర్థినీ పిలిచి, ఆ మూడింటి మీద జనం ముందు మాట తీసుకోండి. గెలిచిన ఏడాదికి మళ్లీ పిలిచి లెక్క అడగండి. ఓటుకు ముందు రాత్రి వచ్చే సీసాతో, నోటుతో మన మాట తెగిపోతే అయిదేళ్లు నోరు లేచే హక్కు ఉండదు. పెద్దలు కూడా ఇక్కడున్నారు కాబట్టే ఈ మాట గట్టిగా అంటున్నాను.

ఇదంతా ఒక్క ఏడాదిలో అయ్యే పని కాదు. జూరాల కోసం ఎదురుచూసినవాళ్లు, తండా పంచాయతీ కోసం అడిగినవాళ్లు ఎన్నో ఏళ్లు ఆగారు. తేడా ఏమిటంటే వాళ్లలో చాలామందికి కాగితం చదివే అవకాశం దొరకలేదు. మీకు దొరికింది. ఇక్కడికి వచ్చిన ప్రతి తండా నుంచి ఇద్దరు, ప్రతి పెంట నుంచి ఒకరు మధ్యాహ్న భోజనం అయ్యాక ఈ వేదిక పక్కన పేర్లు రాయించండి. రిజిస్టర్లు తెచ్చి పెట్టాం. మొదటి పేజీ ఈ రోజే నింపుకుని పొండి.